ఇంజిన్ లైట్ వెలిగిందని సెన్సర్ కొనకండి, ముందు ఫ్యూయల్ ట్రిమ్ చూడండి

కారు మీటర్‌లో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగితే మా వరంగల్‌లో రెండే వైద్యాలు. ఒకటి, "నడుస్తుంది గదరా, నడవనీ" అనడం, ఇది మా బాపు పద్ధతి. రెండోది, బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి కాసేపాగి మళ్లీ బిగించడం. దీంతో లైటు నిజంగానే ఆరిపోతుంది, అందుకే దానికి అంత పేరు. లోపం అలాగే ఉంటుంది కాబట్టి కొన్నాళ్లకు మళ్లీ వెలుగుతుంది, ఈలోగా ఆ లోపం ఎప్పుడు, ఏ పరిస్థితిలో పట్టుబడిందో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) రాసిపెట్టుకున్న వివరమంతా చెరిగిపోతుంది. మనకు పనికొచ్చేదే ఆ వివరం.

ముందు ఒక్క మాట. ఎర్రగా ఆయిల్ డబ్బా బొమ్మ వెలిగితే బండి పక్కకు తీసి ఇంజిన్ వెంటనే ఆపేయాలి, అక్కడ ప్రయోగాలు వద్దు. పసుపు ఇంజిన్ బొమ్మ వెలుగుతూ ఆరుతూ ఉంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకుండానే సైలెన్సర్ వైపు పోతోందని అర్థం, అలాగే తోలితే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతుంది, దాని ధర వింటే గుండె ఆగుతుంది. నిలకడగా వెలిగేదైతే టెన్షన్ పడక్కర్లేదు, ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

మాది బీఎస్ 4 (పొగ కాలుష్యానికి పెట్టిన భారత్ స్టేజ్ ప్రమాణం) పెట్రోల్ కారు. వానాకాలంలో ఒకరోజు హన్మకొండ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు లైటు నిలకడగా వెలిగింది. పికప్ బాగానే ఉంది, ఆగినప్పుడు మాత్రం ఇంజిన్ కాస్త వణుకుతోంది. తెలిసిన మెకానిక్ అన్న స్కానర్ పెట్టి చూసి, "పీ0171, ఆక్సిజన్ సెన్సర్ పోయింది తమ్మీ, నాలుగు వేలైతది" అన్నాడు. రేపొస్తానని చెప్పి వచ్చేశాను, ఎందుకంటే ఆ కోడ్ అర్థం అది కాదు. గాలి ఎక్కువైంది, పెట్రోల్ తక్కువైంది అని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఆ సంగతిని కనిపెట్టి ఈసీయూకి చెప్పింది ఆక్సిజన్ సెన్సరే. చెప్పినదాన్నే పీకేయడం అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టే.

స్కానర్ అంటే పెద్ద మిషన్ ఏమీ కాదు. ఈఎల్ఎం327 అని అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దగా ఉండే బ్లూటూత్ డబ్బీ, వెయ్యి రూపాయల లోపు దొరుకుతుంది. స్టీరింగ్ కింద, మోకాలికి కాస్త పైన పదహారు పిన్నుల సాకెట్ ఉంటుంది, అందులో గుచ్చి ఫోన్‌లో టార్క్ యాప్ గానీ కార్ స్కానర్ యాప్ గానీ పెట్టుకుంటే చాలు. ఐఫోన్ వాళ్లు మామూలు బ్లూటూత్ డబ్బీ కొంటే కలవదు, వైఫై లేదా బ్లూటూత్ ఎల్ఈ ఉన్నది చూసుకోవాలి. మన దేశంలో బీఎస్ 4 కార్లకు ఓబీడీ 2 (బండి తన లోపాలను తానే పట్టి ఈ సాకెట్ ద్వారా చెప్పే ఏర్పాటు) పెట్టాలన్న నియమం 2013లో వచ్చింది, 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్ 6 బండి అయితే అసలు అనుమానమే లేదు.

కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ అని ఒకటి ఉంటుంది, చాలామంది దాన్ని తెరిచి కూడా చూడరు. లోపం నమోదైన క్షణంలో బండి ఏ స్థితిలో ఉందో అందులో ఉంటుంది. నాదాంట్లో స్పీడ్ సున్నా, ఆర్పీఎం 740, ఇంజిన్ వేడి 91 డిగ్రీలు. అంటే ఇంజిన్ పూర్తిగా వేడెక్కి, బండి ఆగి ఉన్నప్పుడే తేడా వస్తోంది. సగం సంగతి ఇక్కడే తేలింది.

మిగతా సగం ఫ్యూయల్ ట్రిమ్‌లో ఉంది. ఇంజిన్‌లోకి ఎంత గాలి వచ్చిందో కొలిచి, బరువులో 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోల్ చొప్పున ఈసీయూ పోస్తుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని సెన్సర్ చెబితే ఇంకొంచెం పోస్తుంది, ఆ అదనాన్నే ట్రిమ్ అని శాతంలో చూపిస్తుంది. షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు చేసే సర్దుబాటు), లాంగ్ టర్మ్ (కొన్నాళ్లుగా నేర్చుకున్నది) రెండూ కలిపి చూడాలి, పది శాతం లోపు ఉంటే పట్టించుకోనక్కర్లేదు. నాది ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ ఊరికే నడుస్తున్నప్పుడు, 25. యాక్సిలరేటర్ నొక్కి 2500 ఆర్పీఎం దగ్గర ఆపితే 7కి దిగింది. వదిలితే మళ్లీ 25.

ఈ దిగడమే అసలు ఆధారం. ఫ్యూయల్ పంప్ బలహీనపడితేనో, ఫిల్టర్ మూసుకుపోతేనో ఆర్పీఎం, లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ ఇంకా పెరగాలి. ఈ మధ్య ఏ రోగమొచ్చినా ఈ20 పెట్రోల్ (ఇరవై శాతం ఇథనాల్ కలిపినది) మీదికి తోస్తున్నారు, పాత బండ్లలో దానివల్ల ట్రిమ్ కొంచెం పెరిగే మాట నిజమే, కానీ అది ఐడిల్‌లోనూ రోడ్డు మీదా దాదాపు ఒకేలా ఉండాలి. ఆగినప్పుడు ఎక్కువై, రేజ్ చేస్తే తగ్గిందంటే ఎక్కడో చిన్న కంతలోంచి లెక్కలోకి రాని గాలి దూరుతోందన్నమాట. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చే గాలే తక్కువ, అందులో ఆ కంత వాటా పెద్దది. రేజ్ చేస్తే అసలు గాలి ముందు అది లెక్కలోకే రాదు. ఇది మాలాగ మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) ఉన్న కార్లకు చెప్పే మాట. మ్యాప్ సెన్సర్ (మేనిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టంలో, ఒత్తిడిని కొలిచేది) మాత్రమే ఉన్న బండ్లలో ఇలాంటి లీకుకి ఈ కోడ్ రాకపోవచ్చు, ముందు ఐడిల్ పెరగడం కనిపిస్తుంది.

ఇక వెతకడం. చాలా వీడియోల్లో నడుస్తున్న ఇంజిన్ మీద కార్బొరేటర్ క్లీనర్ కొడతారు, అది భగ్గున మండే సరుకు, వేడి ఇంజిన్ మీద నేనైతే కొట్టను. బండిని రేకుల షెడ్డులోంచి బయటికి తీసి (మూసిన చోట ఇంజిన్ నడపడం ప్రాణాలకే ముప్పు), న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగి, ఫోన్‌లో ట్రిమ్ కనిపించేలా పెట్టుకుని, థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే మూత) తర్వాత ఉన్న సన్నటి రబ్బరు హోసులను ఒక్కొక్కటిగా గుడ్డ చుట్టిన ప్లయర్‌తో మెల్లగా నొక్కుతూ వచ్చాను. బ్రేక్ బూస్టర్ హోస్ నొక్కితే ఏ మార్పూ లేదు. పీసీవీ హోస్‌ను (ఇంజిన్ లోపలి ఆయిల్ ఆవిరిని మళ్లీ ఇంజిన్‌లోకే పంపే గొట్టం) మేనిఫోల్డ్ పక్కన నొక్కగానే ఇంజిన్ వణుకు ఆగింది, ఫోన్‌లో షార్ట్ టర్మ్ అంకె జర్రున కిందికి దిగింది.

హోస్ పైనుంచి చూస్తే నిగనిగలాడుతోంది. కింద వేలు పెట్టి తడిమితే గరుకుగా తగిలింది. విప్పి తిప్పి చూస్తే జంట పళ్ల గాట్లు వరసగా, మధ్యలో చిటికెన వేలి గోరంత కంత, దాని చుట్టూ ఆయిల్ తడి. ఇంజిన్ కవర్ ఎత్తితే కింద చింతగింజలు, వడ్ల పొట్టు, కొంచెం పత్తి. ఏనుమాముల మార్కెట్‌కి దగ్గరలో ఇల్లు, మా ఎలుకలకు దేనికీ కొదవ లేదు, అయినా రబ్బరే రుచించింది.

కంత మీద టేప్ చుడితే ఆయిల్ ఆవిరికి ఊడిపోతుంది. మామూలు నీళ్ల పైపు వేస్తే లోపలి వాక్యూమ్‌కి నొక్కుకుపోతుంది. వంపుతో సహా అచ్చుపోసి వచ్చే కంపెనీ హోసే కావాలి, స్పేర్ పార్ట్స్ షాపులో మూడు వందల లోపే వచ్చింది. ఇంజిన్ చల్లారాక రెండు స్ప్రింగ్ క్లిప్పులు జరిపి, పాతది లాగి కొత్తది ఎక్కించడమే. కోడ్‌ను యాప్‌లోనే చెరిపాను. చెరపకపోయినా లోపం కనిపించకుండా వరసగా మూడు డ్రైవ్ సైకిళ్లు (స్టార్ట్ చేసి, కాసేపు తోలి, ఆపితే ఒకటి) గడిస్తే లైటు దానంతటదే ఆరుతుంది. ములుగు దాకా వెళ్లొచ్చి చూస్తే ఐడిల్‌లో 3, రోడ్డు మీద 2.

ఎలుకలకు నాఫ్తలిన్ గోళీలు పెట్టొద్దు, ఏసీ వేస్తే వాసనంతా లోపలికే వస్తుంది. కారం పొడి మా ఎలుకలకు లెక్కే కాదు, మిర్చి బస్తాల మధ్య పుట్టినవి. రాత్రి బానెట్ కొంచెం ఎత్తి ఉంచి పక్కన చిన్న బల్బు వెలిగించడం ఇప్పటికి పనిచేస్తోంది, చీకటీ వెచ్చదనమూ లేకపోతే వాటికి మజా ఉండదేమో.

ఇదంతా చూసి మా మామ తన బీఎస్ 6 డీజిల్ బండి పట్టుకొచ్చాడు, "నాదాంట్ల గూడ లైటొచ్చింది అల్లుడా, ఆ డబ్బి పెట్టు" అని. పెట్టి చూస్తే డీపీఎఫ్‌లో (డీజిల్ పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసి నిండింది. ఆ బండి ఇంటి నుంచి బజారుకి, బజారు నుంచి ఇంటికి తప్ప ఎటూ పోదు, మసి కాలడానికి కావాల్సిన వేడి పుట్టదు. హైవే ఎక్కి అరవై పైన ఆపకుండా ఓ ఇరవై నిమిషాలు తోలాలి, జనగామ దాకా వెళ్లి రండి అన్నాను. "గంత దూరం ఉత్తగనే పోవుడెందుకు, యాదగిరిగుట్టకే పోతం, మీ అత్తను గూడ ఎక్కించుకుంట" అన్నాడు.