క్యాథటర్ తీసిన మరునాడు

"సిస్టర్, ఆపరేషన్ రోబో చేస్తుందటగా... డాక్టరుగారు దగ్గరే ఉంటారా?"

థియేటర్ తలుపు దగ్గర ఈ ప్రశ్న వారానికి ఒక్కసారైనా వింటాను. హైదరాబాదులో ఒక ఆసుపత్రి యూరాలజీ (మూత్ర సంబంధ వ్యాధుల) థియేటర్‌లో పదకొండేళ్ళుగా నర్సుగా పనిచేస్తున్నాను. అందులో ఈ ఆరేళ్ళూ రోబో పక్కనే గడిచాయి. అడిగిన వాళ్ళందరికీ ఒకటే చెబుతాను: రోబో తనంతట తాను ఏదీ చెయ్యదమ్మా, డాక్టరుగారి వేళ్ళు కదిలితేనే దాని చెయ్యి కదులుతుంది.

ఉదయం ఆరున్నరకల్లా మా పని మొదలవుతుంది. రోబో నాలుగు చేతులకూ స్టెరైల్ ప్లాస్టిక్ తొడుగులు వేయాలి. ప్రోస్టేట్ (మగవాళ్ళకు మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఆపరేషన్ అయితే బల్లను తలవైపు బాగా కిందికి వంచుతాం. పేగులు పైకి జరిగి, పొత్తికడుపు లోపల చోటు దొరుకుతుంది. మనిషి జారకుండా, భుజాలు నలగకుండా మెత్తలు పెట్టాలి, కళ్ళు కప్పాలి. గంటల తరబడి అలా ఉంటే ముఖం ఉబ్బుతుంది. బయటికి తెచ్చాక ఇంటివాళ్ళు చూసి హడలిపోతారు కాబట్టి ఆ సంగతి ముందే చెప్పి ఉంచుతాను.

పొట్టమీద ఎనిమిది మిల్లీమీటర్ల రంధ్రాల్లోంచి పరికరాలు లోపలికి వెళ్ళాక, సర్జన్ గది మూలనున్న కన్సోల్ (రోబోను నడిపే బల్ల) దగ్గర కూర్చుంటారు. మా సార్ బూట్లు విప్పి సాక్సులతోనే పెడళ్ళు తొక్కుతారు, పాదానికి ఏ పెడల్ తగులుతోందో తెలియాలని. లోపలి దృశ్యం ఆయనకు పదింతలు పెద్దదిగా, లోతుతో సహా కనిపిస్తుంది. చేతి వణుకు పరికరం దాకా చేరదు. కొసన ఉండే చిన్న మణికట్టు మన చెయ్యి తిరగని వైపుకూ తిరుగుతుంది. అయితే మా యంత్రంలో స్పర్శ లేదు. దారం ఎంత బిగిసిందో సార్ కంటితోనే కనిపెట్టాలి. అది చేతికి అలవాటు కావడానికి ఏళ్ళు పడుతుంది. అందుకే యంత్రం ఏ మోడల్ అని కాదు, ఈ ఆపరేషన్ మీరు ఇప్పటికి ఎన్ని చేశారని సర్జన్‌ను అడగమని మా బంధువులకు చెబుతుంటాను.

రోబో విలువ నాకు పూర్తిగా తెలిసొచ్చేది కిడ్నీ దగ్గర. ఆ మధ్య ఒక పెద్దావిడకు పిత్తాశయంలో రాళ్ళ కోసం స్కాన్ తీస్తే కిడ్నీలో మూడు సెంటీమీటర్ల కణితి బయటపడింది. చిన్న కణితులు చాలావరకు ఇలాగే, వేరే దేనికో తీసిన స్కాన్‌లో దొరుకుతాయి. నొప్పి ఉండదు. ఆవిడకు ఇరవై ఏళ్ళుగా షుగరు ఉంది. కిడ్నీ మొత్తం తీసేస్తే మిగిలిన దానిమీద భారం పడుతుంది కనుక కణితి వరకే తీయాలన్నారు. కిడ్నీకి వెళ్ళే ధమనికి క్లాంపు వేసిన క్షణం నుంచి గడియారం నాది. రక్తం అందని కిడ్నీ ఎక్కువసేపు ఓర్చుకోలేదు. ఇరవై అయిదు నిమిషాలు దాటకూడదని మా సార్ పట్టుదల. ఆలోపే కణితిని కోసి, ఆ గుంతను పొరలు పొరలుగా కుట్టి, క్లాంపు విప్పాలి. "అయిదు... పది... పదిహేను..." అని చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పంతొమ్మిదో నిమిషంలో క్లాంపు విప్పారు. పాలిపోయిన కిడ్నీ మెల్లగా ఎర్రబడింది. ఎన్నిసార్లు చూసినా ఆ రంగు తిరిగి రావడం చూస్తే నాకు కళ్ళు చెమరుస్తాయి.

ఈ విద్య ఇంతగా వ్యాపించడం వెనుక ఒక తెలుగువాడు ఉన్నాడని చాలామందికి తెలియదు. అమెరికాలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రికి రాజ్ వట్టికూటి 2001లో భారీ విరాళమిచ్చారు. ఆయన ఇంటిపేరుతోనే అక్కడ యూరాలజీ సంస్థ నడుస్తోంది. ప్రోస్టేట్‌ను రోబోతో తీసే పద్ధతిని డాక్టర్ మణి మేనన్ బృందం ఒక క్రమానికి తెచ్చింది అక్కడే.

ఇక నేను ఈ టపా రాయడానికి కారణం మా బాబాయి.

బాబాయి ఉండేది బాపట్లలో. అరవై ఆరేళ్ళ వయసులో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి చేరే పదార్థం) పెరిగి, బయాప్సీలో ప్రోస్టేట్ క్యాన్సర్ అని తేలింది. మా ఆసుపత్రిలో కాదు, వాళ్ళ అబ్బాయికి దగ్గరని మరోచోట రోబోతో ఆపరేషన్ చేయించుకున్నాడు. ఆపరేషన్ చక్కగా జరిగింది. మూడో రోజుకే ఇంటికి పంపారు. తొమ్మిదో రోజున క్యాథటర్ (మూత్రం పోవడానికి పెట్టే గొట్టం) తీశారు. మరునాడు పిన్ని ఫోన్ చేసింది.

"అమ్మాయీ, మీ బాబాయి గది దాటి బయటికి రావడం లేదే. లేచి నిలబడితే చాలు, పంచె తడిసిపోతోంది. ఏదో పాడుచేశారేమో అని ఏడుస్తున్నాడు."

ఎవరూ ఏదీ పాడుచేయలేదు. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంగరంలా ఉంటుంది ప్రోస్టేట్. మూత్రాన్ని ఆపడానికి మగవాళ్ళకు దానికి పైన ఒకటి, కింద ఒకటి కండరాల ద్వారాలు ఉంటాయి. ప్రోస్టేట్‌ను తీసి మూత్రాశయాన్ని నాళానికి మళ్ళీ కుట్టేటప్పుడు పై ద్వారం బలం చాలావరకు పోతుంది. అప్పటిదాకా ఇద్దరు మోసిన బరువును కింది కండరం ఒక్కటే మోయాలి. దానికి ఆ బలం రావడానికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ప్రోస్టేట్ పక్కనుంచే సాగే సన్నటి నరాలు దెబ్బతింటే భార్యాభర్తల కలయిక మీద కూడా ప్రభావం ఉంటుంది. వీలైన చోట ఆ నరాలను కాపాడవచ్చని 1982లో అమెరికా సర్జన్ పాట్రిక్ వాల్ష్ చేసి చూపించారు. కాపాడినా అవి కోలుకోవడానికి చాలా నెలలు కావాలి.

"రోబోతో చేస్తాం, ఏ ఇబ్బందీ ఉండదు" అన్నారట బాబాయితో. ఆ మాట అన్నవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపమే. రోబోతో రక్తం తక్కువ పోతుంది, ఇంటికి త్వరగా వెళ్ళవచ్చు. నేను రోజూ చూస్తున్నదే. కానీ ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మూడు వందల మందికి పైగా మగవాళ్ళను రెండు గుంపులు చేసి, కొందరికి కోత ఆపరేషన్, కొందరికి రోబో ఆపరేషన్ చేసి పోల్చారు. 2016లో, మళ్ళీ 2018లో ఫలితాలు ప్రకటించారు. మూత్రం ఆపుకోవడంలో గానీ, కలయిక విషయంలో గానీ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రోబో పేరు చెప్పి ఈ కష్టాన్ని దాచడం అన్యాయం.

శనివారం రాత్రి బస్సెక్కి బాపట్ల వెళ్ళాను. బాబాయి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు, కింద మడతపెట్టిన తువ్వాలు. నా చిన్నప్పుడు సూర్యలంక సముద్రంలో నన్ను భుజాల మీద ఎక్కించుకుని అలల్లోకి నడిచిన మనిషి. పిన్నిని కూడా కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ గీసి చూపించాను. మూత్రం మధ్యలో ఆపాలనుకున్నప్పుడు ఏ కండరం బిగుస్తుందో దాన్ని పట్టుకోమన్నాను. అయిదు లెక్కపెట్టేదాకా బిగించి, మళ్ళీ అయిదు లెక్కపెట్టేదాకా వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు మూడు పూటలు. పొట్టను గానీ పిరుదులను గానీ బిగించకూడదు. దగ్గేముందు, కుర్చీలోంచి లేచేముందు కూడా ఒకసారి బిగించాలి. నిజానికి ఇది ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మొదలుపెట్టాల్సిన వ్యాయామం. క్యాథటర్ ఉన్నన్ని రోజులు మాత్రం చెయ్యకూడదు.

బాబాయి అంతా విని ఒక్కటే అడిగాడు. "ఇది అందరికీ అవుతుందా అమ్మా?"

"చాలామందికి అవుతుంది బాబాయ్. మెల్లగా తగ్గుతుంది."

మొదట్లో రోజుకు అయిదు ప్యాడ్లు పట్టేవి. మూడు నెలలకు రెండయ్యాయి. ఏడో నెలలో ప్యాడ్ లేకుండా గుంటూరు దాకా రైల్లో వెళ్ళివచ్చి, పిన్ని చేత కాకుండా తనే నాకు ఫోన్ చేశాడు.

అప్పటినుంచి నా పనిలో లేని పని ఒకటి పెట్టుకున్నాను. ఆపరేషన్ ముందురోజు డ్యూటీ దిగాక వార్డుకు వెళ్ళి భార్యాభర్తలిద్దరితో కాసేపు మాట్లాడతాను. అనుమతి అడిగితే మా సార్, "ఆ కాగితం బొమ్మ నాకూ ఒకటి ఇవ్వండి" అన్నారు. బీమా పాలసీలో రోబోటిక్ ఆపరేషన్‌కు విడిగా పరిమితి ఉందేమో చూసుకున్నారా అని కూడా అడుగుతాను. చివరి నిమిషంలో కౌంటర్ దగ్గర నిలబడిపోయిన కొడుకులను చాలామందిని చూశాను.

నిన్న సాయంత్రం పదహారో నంబరు గదిలో ఒక రిటైర్డ్ మాస్టారు. నేను చెబుతున్నంతసేపూ ఆయన కిటికీవైపు చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య మాత్రం సంచిలోంచి చిన్న డైరీ తీసి, నేను చెప్పినదంతా రాసుకుని, తల ఎత్తి అడిగింది:

"ప్యాడ్లు ఏ సైజువి కొనమంటారు సిస్టర్? రేపు ఆయన లోపల ఉన్నప్పుడు వెళ్ళి తెచ్చిపెడతాను."