కొలెస్ట్రాల్ మాత్ర మొదలుపెట్టాక నా ఐఎన్ఆర్

మైట్రల్ వాల్వ్ పాడైపోయి, ఇక్కడే వైజాగ్‌లో ఆపరేషన్ చేయించుకుని లోహపు వాల్వ్ పెట్టించుకున్నాను. దాని మీద రక్తం గడ్డకట్టకుండా బతికినంతకాలం వార్ఫరిన్ వాడాలి. రక్తం గడ్డకట్టకుండా ఈ మధ్య వచ్చిన కొత్తరకం మాత్రలు మాలాంటి లోహపు వాల్వ్ వాళ్లకి పనికిరావు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతోందో చెప్పే రక్తపరీక్ష అంకె ఐఎన్ఆర్. నాకది 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం.

పోయినేడాది ఎల్‌డీఎల్, అంటే చెడు కొలెస్ట్రాల్, 168 వచ్చింది. డాక్టరు గారు రోసువాస్టాటిన్ అనే కొలెస్ట్రాల్ మాత్ర రాసి, "అమ్మా, ఇది మొదలుపెట్టిన వారానికి ఐఎన్ఆర్ చూపించుకోవాలి, మర్చిపోకండి" అని చీటీ మీద గుండ్రంగా సున్నా చుట్టి మరీ చెప్పారు.

వారం తిరక్కుండానే ఓ పొద్దున పళ్లు తోముకుంటుంటే నురగ గులాబీ రంగులో వచ్చింది. పుక్కిలించి ఉమ్మితే సన్నటి ఎర్ర చార. ఎంవీపీ కాలనీ రైతుబజార్ నుంచి కూరల సంచి తగిలించుకొచ్చిన చేతి మీద, పట్టీ ఆనినంత మేరా నీలంగా కమిలిపోయి ఉంది. చాలా టెన్షన్ పడ్డాను. వెంటనే ల్యాబ్‌కి వెళ్తే 4.6 వచ్చింది.

ఆ రాత్రి వార్ఫరిన్ వేసుకోవద్దని డాక్టరు గారు, మర్నాటి నుంచి డోసు కాస్త తగ్గించి వాడమని చెప్పారు. రోసువాస్టాటిన్ తనంతట తాను రక్తాన్ని పలచన చేయదట, వార్ఫరిన్ ప్రభావాన్ని పెంచుతుందట. సిమ్వాస్టాటిన్ అనే ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర కూడా అంతే. అదే రకానికి చెందిన అటోర్వాస్టాటిన్‌తో ఈ ఇబ్బంది తక్కువ. మాత్ర మార్చాలా అని అడిగితే, వార్ఫరిన్ డోసు సర్దుకుంటే చాలన్నారు.

విషయం తెలిసి మా ఆడపడుచు పరుగెత్తుకొచ్చింది. "వదినా, ఆ కొలెస్ట్రాల్ మాత్ర మానెయ్, నీకు పడలేదు" అంది. ప్రేమతోనే అంది. కానీ ప్రమాదమంతా అక్కడే ఉంది. తగ్గించిన వార్ఫరిన్ మీద ఉండి ఈ మాత్ర చెప్పకుండా మానేస్తే ఐఎన్ఆర్ పడిపోవచ్చు, వాల్వ్ మీద గడ్డకట్టవచ్చు, పక్షవాతం కూడా రావచ్చు. కొత్త మాత్ర మొదలుపెట్టినప్పుడు చేసే పరీక్షే మానేటప్పుడూ చేయించుకోవాలని ఎంతమందికి తెలుసు? అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఆకుకూరలు ఎక్కువతక్కువైతే ఐఎన్ఆర్ మారుతుంది, అయినా తోటకూర, గోంగూర నేను మానలేదు. వారం వారం ఒకే మోతాదులో తింటున్నాను, ఒక్కసారిగా పెంచడం గానీ తగ్గించడం గానీ లేదు. మోకాళ్ల నొప్పికి మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్ మాత్రం, రక్తస్రావం భయంతో ముట్టను. మలం నల్లగా వచ్చినా, తలకి దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం కావచ్చని, ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నారు. కండరాలు విపరీతంగా నొప్పి పుట్టి మూత్రం ముదురు రంగులో వస్తే అది కొలెస్ట్రాల్ మాత్ర వల్ల కావచ్చు, అప్పుడూ ఆలస్యం చేయకూడదు.

ఇప్పుడు ఐఎన్ఆర్ 2.9, ఎల్‌డీఎల్ 92. రెండు మాత్రలూ నడుస్తున్నాయి. వచ్చే వారం పన్ను పీకించుకోవాలి. తేదీ, డోసు, ఐఎన్ఆర్ రాసుకునే పుస్తకం పట్టుకుని ముందు గుండె డాక్టరు గారిని కలిసి, ఆ తర్వాతే పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తాను.