యాలకుల గింజ మొలకెత్తేదాకా: నా అనుభవం

నిన్న ఉదయం నీళ్లు పోస్తుండగా, మా ఉత్తరపు బాల్కనీలో పెరుగుతున్న తొమ్మిది యాలకుల మొక్కల్లో ఒకదాని మొదట్లో, మట్టిని చీల్చుకుని వేలెడంత పిలక కనిపించింది. గింజ వేసిన తొమ్మిదిన్నర నెలలకు వచ్చిన మొదటి పిలక అది. హైదరాబాదులో, అయిదో అంతస్తులో, గింజ నుంచి యాలకుల మొక్కను ఇంతదాకా తెచ్చినవారు నేనెరిగినంతలో మరొకరు లేరు. ఆ సంతోషం చల్లారకముందే జరిగినదంతా రాసి పెడుతున్నాను.

మొదటి ప్రయత్నం అందరూ చేసేదే. వంటింటి డబ్బాలోని పచ్చ యాలకులు వలిచి, గింజలు నానబెట్టి కుండీలో చల్లాను. మూడుసార్లు చల్లితే మూడుసార్లూ ఒక్క గింజ మొలవలేదు. కోసిన కాయల పచ్చరంగు పోకుండా ఆరబెట్టడానికి వాటిని 45 నుంచి 55 డిగ్రీల వేడి ఉన్న గదుల్లో దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ఉంచుతారని, అసలు కాయ పూర్తిగా పండకముందే కోస్తారని, ఆ తరువాత సంచుల్లో నెలల తరబడి నిలవ ఉంటుందని తెలిశాక గింజను తప్పుపట్టడం మానేశాను. పాయసంలోకి ఎంత మంచి యాలకైనా విత్తనానికి పనికిరాదు.

ఆ తరువాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. నగర శివారులోని ఒక నర్సరీలో యాలకుల మొక్క అని అడిగితే, మూడు కాడలున్న మొక్కను మూడు వందల యాభై రూపాయలకు ఇచ్చారు. ఆకు నలిపి చూస్తే యాలకుల వాసన వచ్చింది. ఇక అనుమానించడానికి ఏముంది? రెండేళ్లు దానిని బిడ్డలా సాకాను. అది దట్టంగా పెరిగి పిలకలు వేస్తే, కార్తీక వనభోజనాల రోజున ఆరు పిలకలు విడదీసి మా అపార్ట్‌మెంట్‌లోని ఆరు కుటుంబాలకు స్వయంగా పంచాను. ఎలా పెంచాలో, ఎప్పుడు కాస్తుందో అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. మా ఆవిడ దాని ఆకు వేసి కాచిన పాలను ఇంటికి వచ్చినవారికల్లా ఇచ్చేది.

మా కింది అంతస్తులో ఒక నర్సమ్మగారు ఉంటారు, ఆమెది ఇడుక్కి జిల్లా. ఆ సంక్రాంతికి వాళ్ల అమ్మగారు వచ్చినప్పుడు, యాలకుల సీమ నుంచి వచ్చిన మనిషి చూసి మెచ్చుకుంటే బాగుంటుందని నేనే పిలిచాను. మొక్కలు తీసుకున్న వాళ్లు నలుగురు కూడా వచ్చారు. వండన్‌మేడు దగ్గర యాలకుల తోటల్లో ముప్ఫై ఏళ్లు కలుపు తీసి కాయ కోసిన ఆ పెద్దావిడ, ఆకును తడమలేదు, వాసన చూడలేదు. వంగి మొక్క మొదలు చూశారు, కాడ చివర చూశారు, మలయాళంలో రెండు మాటలన్నారు. కూతురు తెలుగులో చెప్పడానికి ఇబ్బందిపడి, చివరికి, "అంకుల్, ఇది ఏలం కాదంటోంది అమ్మ" అంది.

నేను నమ్మలేదు, వాసన సంగతి ఎత్తాను. ఆవిడ ఓపికగా చెప్పారు. ఏలం, అంటే యాలకుల పూత, కాడ చివర రాదు, మొదట్లోంచి లేచి నేలమీద పాకే గెలలకు వస్తుంది. ఆ పెద్ద గెలలకే కాయలు పట్టి మట్టికి ఆనుకుని ఉంటాయి. నా మొక్కలో ఒక కాడ చివర ఎండిపోయి వేలాడుతున్న పాత పూగుత్తిని చూపించి, ఇది ఇక్కడ పూసింది కనుక ఇది వేరే జాతి అన్నారు. అది అల్లం కుటుంబానికే చెందిన అల్పీనియా అని, మన దుంపరాష్ట్రానికి దగ్గరి చుట్టమని, ఆకు వాసనను ఆసరా చేసుకుని దానిని చాలాచోట్ల యాలకుల మొక్కగా అమ్ముతారని ఆ రాత్రి చదివి తెలుసుకున్నాను. ఆ పూగుత్తిని నేనూ చూశాను. చూసి, యాలకులు ఇక కాస్తాయని సంబరపడ్డాను కూడా. అందరి ముందూ తల వంచుకుని నిలబడిన ఆ పది నిమిషాలు నా అరవై రెండేళ్ల జీవితంలో మరిచిపోలేనివి.

మర్నాడు నర్సరీకి వెళ్లి అడిగితే, యజమాని ముఖం కూడా ఎత్తకుండా, "వాసన వస్తోంది కదా సార్, ఇంకేం కావాలి?" అన్నాడు. రసీదు మీద మొక్క పేరు లేదు, 'పూలమొక్క 1' అని మాత్రమే ఉంది. మొక్క కొనేవారికి నేను గట్టిగా చెప్పే మాట ఒక్కటే, రసీదు మీద మొక్క పేరు రాయించుకోండి, రాయనంటే కొనకండి. పేరు తెలిసి కూడా అబద్ధం చెప్పి మొక్కను అమ్మేవాడు రెండేళ్ల మన శ్రమను దోచుకుంటున్నాడు, డబ్బు తిరిగిస్తే తీరే నష్టం కాదది. ఆ సాయంత్రమే ఆరు ఇళ్లకూ వెళ్లి, నేనిచ్చింది యాలకుల మొక్క కాదని చెప్పి వచ్చాను. ఇద్దరు నవ్వారు, ఒకరు తలుపు దగ్గరే మాట్లాడి పంపేశారు. తప్పు చేసింది నర్సరీవాడే అయినా పంచింది నా చేతులు కనుక, చెప్పవలసింది నేనే.

విత్తనం ఎక్కడ దొరుకుతుందో అడుగుదామని ఒక ప్రభుత్వ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి, "యాలకులు మన దగ్గర రావు" అన్నాడు. రావని నాకూ తెలుసు. దానికి 600 నుంచి 1200 మీటర్ల ఎత్తున్న కొండలు, ఏడాదికి కనీసం 1500 మిల్లీమీటర్ల వాన, చెట్ల నీడ కావాలి. నేనడిగింది తోట వేయడానికి కాదు, నాలుగు గింజలు. ఆ తేడా వినే ఓపిక కూడా ఆయనకు లేకపోయింది.

దారి చూపింది అయ్యప్ప స్వామే. 2024లో మండల దీక్ష తీసుకుని, డిసెంబరులో తేని మీదుగా కుమిలి చేరాము. తేక్కడి పక్కన, తమిళనాడు సరిహద్దులో ఉన్న ఆ ఊళ్లో యాలకులు కొనకుండా తిరిగివచ్చే తెలుగు స్వాములు తక్కువే. సీజనులో దుకాణాలవాళ్లు తెలుగులోనే బేరమాడతారు. "స్వామీ, ఎనిమిది మిల్లీమీటర్ల కాయ, చూడండి" అంటూ ఎండినవి చూపించిన కుర్రవాడిని, నాకు ఎండినవి వద్దు, తోటలో పసుపు తిరిగిన పచ్చికాయ కావాలని అడిగాను. మొదట వింతగా చూసినా, కారణం చెప్పాక మరునాడు తన బాబాయి తోట నుంచి పది కాయలు ఆకులో చుట్టి తెచ్చి, ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు. నర్సరీలో పోయిన నమ్మకం ఆ కుర్రవాడి దగ్గర తిరిగి దొరికింది.

ఇల్లు చేరిన రోజే కాయలు వలిచాను. లోపల గింజలు నల్లగా, తియ్యటి జిగురుతో అంటుకుని ఉన్నాయి. ఆ జిగురు పోకపోతే బూజు పడుతుంది కనుక నీళ్లలో బాగా పిసికి కడిగి, కట్టెల బూడిద కలిపి నీడన ఒక రోజు ఆరబెట్టాను. గింజ పైపెంకు గట్టిది. తోటలవాళ్లు కొందరు పలచని నైట్రిక్ ఆమ్లంలో కొద్ది నిమిషాలు ముంచి మెత్తబరుస్తారట గాని, మనవలు తిరిగే ఇంట్లో ఆమ్లం ఉంచడం నాకు ఇష్టం లేదు, ఎవరినీ ఉంచమనను. సన్నని ఇసుకతో నెమ్మదిగా రుద్ది, రాత్రంతా గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాను. కొబ్బరిపీచు పొడి, జల్లించిన వర్మీకంపోస్టు, ఇసుక కలిపిన ట్రేలో 120 గింజలు పైపైన వేసి మూత పెట్టాను.

డిసెంబరు చలిలో వేయడం పొరపాటు. నలభై ఆరు రోజులు ట్రేలో ఏమీ కదలలేదు. నలభై ఏడో రోజున గడ్డిపోచ లాంటిది ఒకటి లేచింది, నెల తిరిగేసరికి ముప్ఫై నాలుగు అయ్యాయి. వాటిలో పద్నాలుగు నారుకుళ్లు తెగులుకు వారం రోజుల్లో పడిపోయాయి. మూత తీసి గాలి తగిలించి, నీళ్లు తగ్గించి, తెగుళ్లను అణిచే ట్రైకోడెర్మా అనే మేలైన శిలీంధ్రపు పొడి కలిపాక అది ఆగింది. ఏప్రిల్ వడగాలికి మరికొన్ని పోయాయి. బోరు నీళ్లు పోసినన్నాళ్లు ఆకు అంచులు మాడాయి. ఈ మొక్కకు కాస్త పులుపు గుణమున్న నేల కావాలి, మన బోరు నీళ్లు ఉప్పు పట్టిస్తాయి. అందుకని వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి, అవి అయిపోయాక మునిసిపల్ నీళ్లు పోస్తున్నాను. సూటి ఎండ అసలు తగలనివ్వను.

పూత రావడానికి ఇంకా కనీసం రెండేళ్లు పడుతుంది. ఈ ఊరి ఎండల్లో వస్తుందో రాదో గాని, తొమ్మిదీ నా చేతి మీద మొలిచిన అసలు ఏలకులు. నిన్న ఆ పిలక ఫొటోను నర్సమ్మగారి చేత వాళ్లమ్మగారికి పంపించాను. సాయంత్రానికి జవాబు వచ్చింది. ఇది ఏలమేనట, మొదట్లో మట్టి ఎక్కువ ఎగదోయవద్దట, గెల లేచేది అక్కడి నుంచేనట.