టీచరు గారి పెన్సిలు వాక్యం

“మా అబ్బాయితో మాట్లాడాకే సంతకం పెడతానమ్మా” అన్నారు టీచరు గారు, వీలునామా చిత్తుప్రతిని మడిచి పాత పాసుపుస్తకంలో పెట్టుకుంటూ.

మంచిదన్నాను. మీకు నమ్మకమైన లాయరుకు కూడా ఒకసారి చూపించండి అన్నాను. పిల్లలకు తెలియకుండా రాసిన దానం తర్వాత ఇంట్లో గొడవగా మిగలడం నేను చూశాను.

ఇల్లు కొడుకుకే. బ్యాంకు డిపాజిట్లలో పదో వంతు ఆడపిల్లల చదువుకు. “తొమ్మిదో తరగతి తర్వాత బడి మానేసేవాళ్లకు ముందు” అని అంచున ఆవిడే పెన్సిలుతో రాశారు. ఎన్ని హాజరుపట్టీలు చూస్తే ఆ ఒక్క వాక్యం వస్తుంది!

సేవాసంస్థలో దాతల వీలునామాలు చూసే ఈ ఉద్యోగంలో చేరినప్పుడు చట్టమే కష్టమనుకున్నాను. అది త్వరగానే వచ్చింది. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు ఉండాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, బతికుండగా ఎప్పుడైనా మార్చుకోవచ్చు. తొందరపెట్టకుండా కూర్చుని వినడం నేర్చుకోవడానికే ఆరేళ్లు పట్టింది.

ఆ డబ్బు ఆలస్యంగా, చాలా ఆలస్యంగా రావాలని కోరుకుంటున్నాను. అప్పటికి ఈ కుర్చీలో ఇంకెవరో ఉంటారు.

వచ్చే వారం వాళ్లబ్బాయి వస్తున్నారట. నన్నూ భోజనానికి రమ్మన్నారు.