9యూ ర్యాక్‌లో పట్టే సర్వర్ డబ్బా దొరికింది, కానీ దానికి ముందు జరిగింది రాయాలి

నిన్న రాత్రి డిస్కులన్నీ సర్వర్ డబ్బాలోకి ఎక్కించి, దాన్ని ర్యాక్‌లోకి, అంటే రూటర్ లాంటివి పెట్టే ఇనుప అరలోకి తోసి, గాజు తలుపు వేశాను. తలుపు పడింది. ఆ తలుపు పడటం కోసం ఎన్ని తిప్పలు పడ్డానో వేడి చల్లారకముందే రాసేస్తున్నా. ఇంట్లో స్టోరేజ్ సర్వర్, అంటే ఫైళ్లన్నీ ఒకేచోట దాచే కంప్యూటర్, పెట్టుకుందాం అనుకునేవాళ్లు ఇంకొకరి చేత మాటలు పడకూడదు.

అవసరం చిన్నదే. నాన్న పొలం కాగితాల స్కాన్లు, పిల్లల ఫోటోలు, చెల్లి పెళ్లి వీడియోలు అన్నీ నాలుగు పాత హార్డ్‌డిస్కుల్లో తలోచోట పడి ఉన్నాయి. పాత డెస్క్‌టాప్‌లోని మైక్రో ఏటీఎక్స్ సైజు మదర్‌బోర్డు, ప్రాసెసర్ ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. కొత్తగా నాలుగు 3.5 అంగుళాల డిస్కులు కొన్నాను. హాల్లో రూటర్, స్విచ్ కోసం గోడకి తగిలించిన 9యూ ర్యాక్ ఎలాగూ ఉంది. దాంట్లోనే సర్వర్ కూడా పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. బోర్డు, డిస్కులు, సాఫ్ట్‌వేర్ విషయంలో ఏ ఇబ్బందీ లేదు, అదంతా ఒక సాయంత్రం పని.

ఇబ్బందంతా లోతుతోనే. ర్యాక్ వెడల్పు 19 అంగుళాలు, 1యూ అంటే 1.75 అంగుళాల ఎత్తు, అంటే 44.45 మిల్లీమీటర్లు. ఈ రకం ర్యాకుల్లో ఈ రెండూ ఎక్కడ కొన్నా ఒకటే. లోతుకి మాత్రం అలాంటి కట్టుబాటు ఏమీ లేదు. డేటా సెంటర్ కోసం చేసిన 2యూ డబ్బా 650, 700 మిల్లీమీటర్లు, ఇంకా పైన కూడా ఉంటుంది, గోడ ర్యాకులేమో ఎక్కువగా 450 నుంచి 600 లోపే. నా ర్యాక్ బయటి లోతు 500. ముందు పట్టీ నుంచి వెనక రేకు దాకా టేపు పెడితే 440 వచ్చింది. పవర్ ప్లగ్గు, కేబుళ్లు విరగకుండా తిరగాలంటే వెనక 70 వదలాలి. నాకు మిగిలింది 370.

ఇప్పుడు 2యూ లెక్క చూడండి. డిస్కు పొడవు 147. దాని వెనక కనెక్టర్లకి 40 అనుకుందాం, ఫ్యాన్ మందం 25, మైక్రో ఏటీఎక్స్ బోర్డు 244. ఆ ఎత్తులో డిస్కులు బోర్డు మీదుగా రావు కాబట్టి ఒకదాని వెనక ఒకటి పేరిస్తే 456. బోర్డు మార్చి ఇంకా చిన్నదైన, 170 ఉండే మినీ ఐటీఎక్స్ బోర్డు పెట్టినా 382. పట్టదు. ఈ లెక్క కాగితం మీద వేసుకుని, అట్టపెట్టెలు కోసి 370 లోతుతో నమూనా డబ్బా కూడా చేసి ర్యాక్‌లో పెట్టి చూసుకున్నాకే బజారుకి వెళ్లాను. ఇంత కొలుచుకుని వెళ్లే కస్టమర్ ఆ దుకాణాలకి రోజూ వస్తాడని నేననుకోను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు ఒక పెద్ద దుకాణం, పేరెందుకులెండి. మా అబ్బాయి కూడా పక్కనే ఉన్నాడు. "షార్ట్ డెప్త్ ఛాసిస్, అదే లోతు తక్కువున్న డబ్బా కావాలండీ, బాడీ 370కి మించకూడదు" అన్నాను. కౌంటర్‌లో ఆయన ఫోన్లోంచి తల ఎత్తకుండానే "టూ యూ అంటే టూ యూనే సార్, అన్నీ ఒకటే సైజు" అన్నాడు. కాదండీ, యూ అనేది ఎత్తు, నేనడుగుతున్నది లోతు అని నెమ్మదిగానే చెప్పాను. అప్పుడు తల ఎత్తాడు. పై అరలో ఉన్న డబ్బా ఒక్కసారి దించితే నేనే కొలుచుకుంటానని జేబులోంచి టేపు తీశాను. అంతే, గట్టిగా నవ్వాడు. "ఇంట్లో పెట్టుకునేదానికి టేపులు పట్టుకుని వచ్చారా? ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ కొనుక్కుని పోండి సార్, ఇవి కంపెనీలవాళ్లకి" అని షాపులో ఉన్న అందరికీ వినపడేలా అన్నాడు. పక్కన బిల్లు వేయించుకుంటున్నవాళ్లు కూడా నవ్వారు. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని "నాన్నా, వెళ్దాం పద" అన్నాడు. అది నాకు బాగా గుచ్చుకుంది. డబ్బులిచ్చి కొనేవాడు కొలత అడిగితే చెప్పడం వ్యాపారంలో మొదటి మర్యాద. తెలియకపోతే తెలియదనాలి. మనిషిని చిన్నబుచ్చి పంపించే హక్కు ఎవరికీ లేదు. టేపు పెట్టనివ్వని షాపులో ఒక్క స్క్రూ కూడా కొనకండి.

తర్వాత తిరిగిన సర్వర్ షాపుల్లో ఇంత అవమానం జరగలేదు కానీ, వాళ్ల దగ్గరున్నవన్నీ పొడుగు డబ్బాలే. అసలు దారి చూపించింది మా అపార్ట్‌మెంట్‌కి సీసీ కెమెరాలు పెట్టే కుర్రాడు. "అన్నా, సర్వర్లోళ్లని కాదు, కెమెరాలోళ్లని, ఫ్యాక్టరీ కంప్యూటర్లు అమ్మేటోళ్లని అడుగు, వాళ్లకి చిన్న ర్యాకులే ఉంటయ్" అన్నాడు. నూటికి నూరు పాళ్లు నిజం. ఆ రకం షాపులో అడగ్గానే 350 లోతున్న 4యూ డబ్బా దించి, టేపు కూడా వాళ్లే ఇచ్చారు.

4యూ ఎందుకంటే ఎత్తు దాదాపు 178 ఉంటుంది కాబట్టి డిస్కుల పెట్టె బోర్డు అంచు మీదుగా వస్తుంది, అందుకే లోతు తగ్గుతుంది. మామూలు ఏటీఎక్స్ పవర్ సప్లై పడుతుంది, ముందు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ పడుతుంది. ప్రాసెసర్ మీద మాత్రం పొట్టి కూలర్ వేయాలి, నేను 37 మిల్లీమీటర్ల నాక్టువా ఎన్‌హెచ్-ఎల్9ఐ వేశాను. నడుస్తుండగానే ముందు నుంచి డిస్కు లాగే సౌకర్యం ఇందులో లేదు. ఇంట్లో డిస్కు మార్చడానికి పది నిమిషాలు మెషిన్ ఆపితే కొంపేమీ మునగదు. 1యూ జోలికి మాత్రం అస్సలు పోవద్దు, ఆ 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ల గోలకి హాల్లో కూర్చోలేరు.

డబ్బా ముందుండే హ్యాండిళ్లు తలుపుకి తగులుతుంటే విప్పేశాను. డబ్బాని ముందు రెండు పక్కలా ఉండే చెవుల స్క్రూల మీద మాత్రమే వేలాడదీయొద్దు, నాలుగు డిస్కుల బరువుకి ముందు పట్టీ వంగుతుంది, కింద తప్పకుండా ట్రే వేయండి. మీది కొత్త ఫ్లాట్ అయితే గోడ ఏఏసీ బ్లాకులదేమో, అంటే గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు ఇటుకలదేమో ముందు చూసుకోండి. అందులో మామూలు యాంకర్లు (గోడలో దిగేసే బోల్టులు) సరిగ్గా పట్టవు, ఆ బ్లాకుల కోసం చేసినవి విడిగా దొరుకుతాయి. లేదంటే ర్యాక్‌ని కింద స్టాండ్ మీద పెట్టేయడమే నయం. నా ర్యాక్‌కి పక్క రేకులు తీసేశాను, డిస్కులు 40 డిగ్రీల లోపే ఉంటున్నాయి. ఇప్పుడు నాన్న కాగితాలు కాపీ అవుతున్నాయి, వీడియోల వంతు ఇంకా రాలేదు.