మేకతోలు పాఠం

మన బడి పూర్వ విద్యార్థుల సావనీరుకు రెండు పుటలు రాసి పంపమని నిర్వాహక సంఘం వారు కోరినప్పుడు, వేపచెట్టు కింద జరిగిన ఎన్నికల గురించీ రేకుల షెడ్డులో ఆడిన నాటకం గురించీ మిగిలినవారు తప్పక రాస్తారని తలచి, వాటిని వారికే వదిలిపెట్టాను. పదో తరగతి బి సెక్షనులో మన ఇంగ్లీషు మాస్టారు ఒకే ఒక్క మాట కోసం సిలబస్ పక్కన పెట్టిన సంగతి మాత్రం ఎవరో ఒకరు అక్షరాల్లో పెట్టాలి.

వార్షికోత్సవ ఆహ్వానపత్రం ప్రూఫు ప్రెస్సు నుంచి వచ్చిన రోజది. తెలుగు వైపు ‘సాహితీ సంఘం ఆధ్వర్యంలో’ అనీ, ఇంగ్లీషు వైపు ‘అండర్ ది ఈజిస్ ఆఫ్’ అనీ ఉన్నాయి. మనం బొంగరం అని పిలిచే మిత్రుడు దాన్ని ‘ఏగిస్’ అని చదివితే మాస్టారు సరిదిద్ది, అర్థమేమిటని అడిగారు. తరఫున అన్నారొకరు, పేరు మీద అన్నారింకొకరు. ఆయన సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మేకను గీశారు. ఆ మేక ఎవరిని పోలి ఉందని వెనక బెంచీ తేల్చిందో మీకు తెలుసు.

ఈజిస్ మాటకు మూలమైన గ్రీకు మాట ‘ఐగిస్’ను మేక అనే అర్థం గల మాటతో ముడిపెట్టి, మేకతోలు అని చెప్పడం చాలా పాతదని ఆయన వివరించారు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, లిబియా స్త్రీలు కుచ్చులు వేలాడే మేకతోళ్లు ధరించేవారనీ, గ్రీకు దేవత అథీనా విగ్రహాలకు ఆ వేషం అక్కడి నుంచే వచ్చిందనీ రాశాడు. అయితే అదే మాటకు గ్రీకులో పెనుగాలి అనే అర్థం కూడా ఉంది కనుక, మేఘాలను కూడగట్టే గ్రీకు దేవరాజు జ్యూస్ చేతిలో అది మొదట తుఫానే అయివుండవచ్చుననే వాదమూ ఉంది. మాస్టారు రెండూ చెప్పి, తీర్పు చెప్పకుండా ఊరుకున్నారు. పదిహేనేళ్ల పిల్లలను అంత గౌరవంగా చూసిన పెద్దమనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ తరువాత ట్రాయ్ యుద్ధ కథ చెప్పే హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్‌లోకి దిగారు. 2వ సర్గలో దేవతల కవచమైన ఈజిస్‌కు నూరు బంగారు కుచ్చులు ఉంటాయి, ఒక్కో కుచ్చు విలువ నూరు ఎద్దులు. 5వ సర్గలో గోర్గన్ అనే భయంకర రాక్షసి తల ఉన్న ఆ ఈజిస్‌ను అథీనా భుజాల మీద వేసుకుంటుంది. 15వ సర్గలో ట్రాయ్ పక్షాన ఉన్న దేవుడు అపోలో దాన్ని ఊపగానే గ్రీకు సైన్యం ధైర్యం చెడి పారిపోతుంది. ఇంతవరకూ అది ఎదుటివారిని బెదరగొట్టేదే. 24వ సర్గకు వచ్చేసరికి మాస్టారి గొంతు మారింది. గ్రీకు వీరుడు అకిలీస్ తాను చంపిన ట్రాయ్ వీరుడు హెక్టర్ మృతదేహాన్ని రథానికి కట్టి ఈడుస్తుంటే, చర్మం చిట్లకుండా అపోలో బంగారు ఈజిస్‌ను దాని మీద కప్పాడు. తిరిగి ఏమీ ఇవ్వలేని వాడికి దొరికిన ఆ కప్పే రక్షణ అంటే అని ఆయన చెప్పినప్పుడు వెనక బెంచీ కూడా నవ్వలేదు. ఆ మాట లాటిన్ మీదుగా ఇంగ్లీషుకు చేరి, 18వ శతాబ్దం చివరికి ‘అండ’ అనే అర్థం పొందింది. నిర్వహణ అనే అర్థం తరువాత చేరింది.

మరునాడు తెలుగు పంతులుగారిని వెంటబెట్టుకొచ్చారు. ఆధ్వర్యం మాట యజ్ఞం జరిపించే యజుర్వేద ఋత్విక్కైన అధ్వర్యువు నుంచి వచ్చిందనీ, వేదిక కొలిచి కట్టడం, పాత్రలు సిద్ధం చేయడం ఆయన పనులనీ, హింస లేనిది కనుక యజ్ఞం అధ్వరమైందని యాస్కుడు వేదపదాల అర్థాలు వివరించే నిరుక్తంలో చెప్పాడనీ పంతులుగారు వివరించారు. అప్పుడు ఇద్దరూ కలిసి ప్రూఫు దిద్దారు. సభకు చాకిరీ చేసింది సాహితీ సంఘం పిల్లలు కనుక తెలుగు వైపు మాట అలాగే ఉండిపోయింది. ఇంగ్లీషు వైపు ఈజిస్ పక్కన, పిల్లలకు అండగా నిలిచిన పాఠశాల పేరు చేరింది.

ఇంటరూ డిగ్రీ గురించి రాయడానికి ఏమీ లేదు. ఎన్నో ఏళ్లుగా దినపత్రిక డెస్కులో పనిచేస్తూ, ఏజెన్సీ వార్తల్లో ఐక్యరాజ్యసమితి ‘ఈజిస్’ కింద జరిగే చర్చలను తెలుగు చేస్తున్నాను. శత్రు క్షిపణుల నుంచి నౌకలను కాపాడే వ్యవస్థకు అమెరికా నౌకాదళం ఇదే పేరు పెట్టింది. ఆ వ్యవస్థతో మొదటి యుద్ధనౌక టైకాండరోగా 1983లో సేవలో చేరింది. అటువంటి వార్త వచ్చినప్పుడల్లా కొత్తగా చేరిన పిల్లలకు హెక్టర్ కథ చెబుతాను.

ఇప్పుడు డెస్కు బాధ్యత నాదే. జిల్లా వార్తల్లో ‘ఆధ్వర్యంలో’ అని కనబడితే, వైద్య శిబిరం నడిపిందెవరో, ఖర్చు భరించిందెవరో, పేరు మాత్రమే ఇచ్చిందెవరో విలేకరికి ఫోను చేసి కనుక్కోమంటాను. ఎడిషన్ వేళ ఆలస్యమవుతుందని మొదట్లో విసుక్కున్న కుర్రాళ్లే, నేను సెలవులో ఉన్న రోజున కూడా ఆ ఫోను చేస్తున్నారని తెలిసింది.