నాయన పడక్కుర్చీ

చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో 1888లో ఫ్రాన్స్‌లోని ఆర్ల్ అనే ఊళ్ళో ఉన్నప్పుడు ఒక కుర్చీ బొమ్మ వేశాడు. పసుపురంగు కొయ్య కుర్చీ, గడ్డితో అల్లిన సీటు, దాని మీద పొగ తాగే పైపు, కాస్త పొగాకు. వెనకాల ఉల్లిపాయల పెట్టె, దాని మీద విన్సెంట్ అని సంతకం. మనిషి మాత్రం లేడు. అసలు బొమ్మ లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. నేను చూసింది నిన్న రాత్రి, కావలిలో మా ఇంట్లో, ఫోన్‌లో.

చూస్తూ ఉంటే మా నాయన పడక్కుర్చీ గుర్తొచ్చింది. ఇంకా వరండాలోనే ఉంది. గుడ్డ నడుం దగ్గర సాగి, ఆయన కూర్చున్న ఆకారం అలాగే నిలిచిపోయింది. కుడి చేతికొయ్య మీద కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చలు, ఒకదాని మీద ఒకటి. ఆయన పోయి మూడేళ్ళు. గుడ్డ మార్పిద్దామని అన్నయ్య రెండుసార్లు అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడలేదు. అంతే, ఆ మాట మళ్ళీ రాలేదు.

అదే ఏడాది తన స్నేహితుడు, గోగా అనే చిత్రకారుడి కుర్చీ కూడా వేశాడు వాన్ గో. దాని మీద వెలుగుతున్న కొవ్వొత్తి, రెండు పుస్తకాలు. ముఖాలు వేయకుండానే ఇద్దరు మనుషులు ఎంత వేరో చూపించాడు!

పొద్దున అమ్మ ఆ కుర్చీ పక్కనే కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫోన్‌లో బొమ్మ చూపించాను. కాసేపు చూసి, "ఎవరిదిరా ఈ కుర్చీ? ఆయన లేడా?" అంది.